ఐ.ఏ. కొట్టేశారని రేపే హైకోర్టుకు పరిగెత్తకు

తమ్ముడూ,

అవతలివాళ్ల లెక్కల పుస్తకాలు తెప్పించమని దావా మధ్యలో వేసిన ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) డిస్మిస్ అయిందని, వెంటనే హైకోర్టులో సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషన్) వేసేస్తానని రాశావు. నీ తొందరంతా ముందు సర్టిఫైడ్ కాపీ మీద చూపించు. అది వచ్చాక జడ్జిగారు ఎందుకు కాదన్నారో నిదానంగా చదువు. ఏ పుస్తకం, ఏ సంవత్సరానిది, దావాలో తేలాల్సిన ఏ ఇష్యూకి పనికొస్తుంది అన్నది చెప్పలేదని ఉంటే పైకోర్టు కూడా అదే అడుగుతుంది, ఆ వివరాలతో సరైన పిటిషన్ వేసుకోవడమే నయం. పాతదాన్నే తేదీ మార్చి వేస్తే మాత్రం నిలవదు.

అప్పీలంటావా, సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) 43వ ఆర్డరు 1వ రూలు జాబితాలో ఉన్నవాటి మీదే సి.ఎం.ఏ. (ఆర్డర్ల మీద వేసే అప్పీలు). ఇంజంక్షన్ అందులో ఉంది. కోర్టు చెప్పినా కాగితాలు చూపించలేదని 11వ ఆర్డరు 21వ రూలు కింద దావా కొట్టేసినా, ప్రతివాది డిఫెన్స్ తీసేసినా అదీ ఉంది. నీది లేదు. అదే కోడ్ సెక్షన్ 115 రివిజన్‌కి (కింది కోర్టు ఆర్డరును హైకోర్టు సరిచూడటానికి) 2002 జూలై నుంచి తలుపు సగం మూసేశారు: ఆ ఆర్డరు నీకు అనుకూలంగా వచ్చి ఉంటే దావా అక్కడితో ముగిసిపోవాలి. పుస్తకాలు తెప్పించినంత మాత్రాన దావా ముగుస్తుందా? ఇక మిగిలింది రాజ్యాంగం 227వ అధికరణం, అంటే కింది కోర్టుల మీద హైకోర్టుకున్న పర్యవేక్షణ అధికారం. దానికీ మన దగ్గర సి.ఆర్.పి. నంబరే పడుతుంది కాబట్టి కుర్రాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు, కానీ అక్కడ హైకోర్టు ఆర్డరు తప్పా ఒప్పా అని మళ్లీ తూకం వేయదు, కింది కోర్టు తన పరిధి దాటిందా, ఘోరమైన అన్యాయం జరిగిందా అనే చూస్తుంది.

అందుకే నేను ఒక్కటే అడుగుతాను, ఈ నష్టాన్ని తర్వాత సరిచేయగలమా? క్లయింటుకీ వకీలుకీ మధ్య నడిచిన ఉత్తరాలు బయటపెట్టమంటే ఆగకూడదు, అవతలివాడు చదివేశాక ఇంకేం మిగులుతుంది. పుస్తకాలు రాలేదంటే ఆగొచ్చు. తీర్పు ఎదురొస్తే సి.పి.సి. సెక్షన్ 105 ప్రకారం అసలు అప్పీలు మెమోలో దీన్నీ ఒక గ్రౌండ్‌గా (కారణంగా) పెట్టుకోవచ్చు, కాకపోతే ఆ తప్పు వల్ల తీర్పే మారిందని చూపించాలి. సెక్షన్ 99 ఉంది కదా, ఫలితాన్ని తాకని పొరపాట్లకు డిక్రీ కొట్టెయ్యరు.

ఆ గ్రౌండ్ నిలవాలంటే రికార్డులో ఉండాలి, ఇక్కడే చాలామంది బద్ధకిస్తారు. నోటితో అన్న అభ్యంతరం గాలికి పోతుంది. అవతలివాళ్ల కాగితం సాక్ష్యంగా మార్క్ చేస్తున్నప్పుడే లేచి చెప్పి, డిపోజిషన్‌లో (సాక్షి వాంగ్మూలంలో) ఆ వాక్యం ఎక్కిందో లేదో సంతకాలకు ముందే చూసుకో. ముఖ్యంగా స్టాంపు చాలని కాగితం ఒకసారి సాక్ష్యంలోకి వచ్చిందంటే, స్టాంపు యాక్ట్ 36వ సెక్షన్ ఉంది, ఆ దావాలో మళ్లీ ఆ మాట ఎత్తనివ్వరు.

కమర్షియల్ కోర్టు దావా అయితే రివిజన్ సంగతి మర్చిపో, 2015 కమర్షియల్ కోర్టుల చట్టం 8వ సెక్షన్ మధ్యంతర ఆర్డర్ల మీద అది లేకుండా చేసింది.

ఇన్ని చెప్పినా వేస్తానంటే, వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు. కింద ట్రయల్ నడుస్తూనే ఉంటుంది, కాబట్టి వచ్చే వాయిదాకి సాక్షిని సిద్ధంగా పెట్టుకో. కాపీ రాగానే స్కాన్ చేసి నాకు పంపు, నీ ఐ.ఏ.కి అవతలివాళ్లు వేసిన కౌంటర్ (జవాబు)తో సహా.