గట్టు దాటే జబ్బులు, గీత దాటే చేపలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రెండు పంటలుగా వనామీ రొయ్య ఎదగడం లేదు. మేత తింటోంది, చావులు పెద్దగా లేవు, కానీ కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) దిగదు. ఒకే చెరువులో మూడు సైజులు. ల్యాబ్‌లో ఈహెచ్‌పీ అన్నారు. మందేమిటి?
– రొయ్య రైతు, భీమవరం ప్రాంతం

జవాబు: నయం చేసే మందు లేదు. ఉందని చెప్పి డబ్బాలు అమ్మేవాళ్లకు మాత్రం లోటు లేదు. ఈహెచ్‌పీ అంటే రొయ్య కాలేయంలో పెరిగే సూక్ష్మజీవి. దీన్ని 2009లో థాయ్‌లాండ్‌లో మొదట వర్ణించారు. దాని స్పోర్లకు పెంకు మందం. చెరువు ఎండగట్టినంత మాత్రాన చావవు. మట్టిలో దాక్కుని తర్వాతి పంటకు అంటుకుంటాయి. అంటే మీరు పని చేయాల్సింది పంటకూ పంటకూ మధ్య, మట్టి మీద.

థాయ్ శాస్త్రవేత్తలు సూచించిన పద్ధతి ఇది. బ్యాంకాక్‌లోని ఆసియా–పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల సంస్థ ‘నాకా’ ద్వారా అన్ని దేశాలకూ అందింది. నల్లమట్టి తీసేసి అడుగు పూర్తిగా ఎండనివ్వాలి. హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు దాదాపు 2.4 టన్నుల కాల్చిన సున్నం చల్లి 10–12 సెంటీమీటర్ల లోతుకు దున్నాలి. ఆ తర్వాతే తడపాలి. మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 12కు చేరి రెండు రోజులైనా అక్కడ నిలబడాలి. స్పోర్లను చంపేది ఆ పీహెచ్చే. తర్వాత అది దానంతటదే దిగుతుంది. మామూలు స్థాయికి వచ్చిందని కొలిచి చూశాకే నీళ్లు పెట్టండి.

ఎక్కువమంది దెబ్బతినేది సున్నం రకంలో. సున్నపురాయి పొడి, పచ్చి గుల్ల పొడి ఎన్ని టన్నులు పోసినా పీహెచ్ 12 రాదు. తేమ తగిలి చల్లారిన బస్తాలు కూడా నమ్మదగ్గవి కావు. కొనేముందు గుప్పెడు సున్నం మీద నీళ్లు పోసి చూడండి: బుసబుసమని వేడెక్కితేనే సరుకు మంచిది. తడి అడుగులో చల్లితే సున్నం పైనే ఉడికిపోతుంది, లోతుకు దిగదు. చల్లే కూలీలకు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, కళ్లలో పడితే చూపు పోవచ్చు. ఖర్చు తక్కువేమీ కాదు కాబట్టి, గత పంటలో పీసీఆర్‌లో (జబ్బు జన్యుపదార్థాన్ని పట్టే ల్యాబ్ పరీక్ష) ఈహెచ్‌పీ తేలిన చెరువులకే చేయండి.

ఇంత చేసి జబ్బు సీడ్ (రొయ్య పిల్లలు) వదిలితే మొత్తం వృథా. ఐదారు పిల్లలతో పీసీఆర్ చేయించి ‘నెగటివ్’ కాగితం చూపిస్తే ఒప్పుకోవద్దు. నూటికి రెండు పిల్లల్లో జబ్బు ఉన్నా 95 శాతం నమ్మకంతో బయటపడాలంటే కనీసం 150 పిల్లలు కావాలి. తల్లిరొయ్యలకు పచ్చి సముద్రపు పురుగులు మేపుతున్నారా అని హేచరీని (పిల్లలను పుట్టించే కేంద్రం) అడగండి. ఆ పురుగులను మైనస్ 20 డిగ్రీల్లో 48 గంటలు గడ్డకట్టించాలి, లేదా 70 డిగ్రీల్లో 10 నిమిషాలు వేడిచేయాలి.

ప్రశ్న: నా చెరువు నేను బాగా చూసుకుంటా. పక్కవాళ్లతో కలిసి క్లస్టర్ అంటే మీటింగులు తప్ప లాభమేమిటి?
– మొగల్తూరు

జవాబు: మీ ఊరి నుంచే ఈ ప్రశ్న రావడం విశేషం. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి తీరాన్ని ఊడ్చేశాక, 2000లో కేంద్ర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా, పైన చెప్పిన నాకా కలిసి మొదలుపెట్టిన రొయ్యల జబ్బుల నివారణ కార్యక్రమం మొగల్తూరు చెరువుల్లోనే నిలదొక్కుకుంది. దానికి కొనసాగింపుగా 2007లో కాకినాడ కేంద్రంగా, రైతు సంఘాలతో పనిచేసే ‘నాక్సా’ సంస్థ ఏర్పడింది.

ఒకే కాలువ నుంచి నీళ్లు తోడి, అదే కాలువలోకి వదిలే చోట ఒక్కడి జాగ్రత్త ఎంతవరకు? మీరు పోసిన తెల్లమచ్చ నీళ్లను పక్కవాడు రాత్రి మోటారు వేసి లాగుతాడు. కాలువ మీది రైతులంతా ఒకే వారంలో సీడ్ వేయాలి. ఒకే హేచరీకి నెలా నెలన్నర ముందు ఆర్డరిస్తే ట్యాంకు మొత్తం మీదే అవుతుంది, పరీక్ష పట్టుబట్టి చేయించుకోవచ్చు. నీళ్లు పెట్టేటప్పుడు అంగుళానికి 60 కళ్ల వల సంచులు రెండు పొరలుగా కట్టండి.

జబ్బు కనిపిస్తే ముందు ఫోన్ చేయాల్సింది మందుల షాపుకు కాదు, పక్క చెరువు రైతుకు. తూము ఎత్తకుండా వలతోనే పట్టుబడి చేసి, మిగిలిన నీళ్లకు 60 పీపీఎం (ఘనపు మీటరుకు 60 గ్రాములు) బ్లీచింగ్ పౌడరు వేయండి. ఎకరా చెరువు, మీటరు లోతు అంటే సుమారు 4,047 ఘనపు మీటర్లు, 243 కిలోల పౌడరు. ఎండలో క్లోరిన్ ఎగిరిపోతుంది కాబట్టి సాయంత్రం చల్లండి. అదే రోజు సున్నం వేయవద్దు, పీహెచ్ పెరిగితే క్లోరిన్ బలం తగ్గుతుంది. వారం నిలిపాకే వదలాలి.

ప్రశ్న: సముద్రంలో వేట నిషేధమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మేం ఒడ్డున కూర్చుంటాం. ఆ సమయంలో బంగ్లాదేశ్ బోట్లు పట్టుకుపోతే మా నిషేధానికి అర్థమేముంది?
– మరబోటు సరంగు, విశాఖపట్నం

జవాబు: 2024 దాకా మీ కోపంలో న్యాయముంది. బంగ్లాదేశ్ నిషేధం మే 20 నుంచి జూలై 23 దాకా, 65 రోజులు. అంటే మనం ఆగిన మొదటి నెల రోజులకు పైగా వాళ్లు వేటాడేవారు. అక్కడి జాలర్లదీ ఇదే ఫిర్యాదు, ఎటొచ్చీ తిరగేసి: జూన్ 15 నుంచి మన బోట్లు తిరుగుతుంటే తాము కూర్చోవాలా అని. 2025 నుంచి వాళ్లు దాన్ని ఏప్రిల్ 15–జూన్ 11కు, 58 రోజులకు మార్చారు. ఇప్పుడు రెండూ దాదాపు కలిశాయి.

ప్రశ్న: మరి పులస సంగతి?
– యానాం

జవాబు: అక్కడ మనమే వెనకబడ్డాం. పులస, బంగ్లాదేశ్ ఇలిశ ఒకే జాతి. అక్కడ గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు ఇలిశ వేట బంద్. 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదు. మనం మాత్రం వరద నీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చే చేపనే వేలంపాటలో పోటీపడి కొంటున్నాం. ఎలాగో తప్పించుకున్నది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. ఎదురెక్కే రోజుల్లో కొన్నాళ్లు వల ఆపడం గురించి గోదావరి పాయల మీది సంఘాలే ముందు మాట్లాడుకోవాలి. సముద్రంలో పెట్టిన నిషేధం ఈ చేపను నదిలో కాపాడదు.