గాలి ప్రవాహాన్నీ మంచినీటి ప్రవాహాన్నీ విడివిడిగా లెక్కించి కూడవచ్చా?

ఖండతీరపు అంచు (తీరాన్ని ఆనుకుని ఉండే తక్కువ లోతు సముద్ర భాగం) మీది ప్రవాహాల కోసం కంప్యూటర్ మోడల్‌ను ఒకసారి గాలితో మాత్రమే, మరొకసారి నదీజలాలతో మాత్రమే నడిపి, రెండు ఫలితాలనూ కూడితే సరిపోతుందా అని మీరు అడిగారు. సరిపోదు. ఇలాంటి మోడళ్లతో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఆ రెండూ నడిపి చూడవలసినవే, కానీ గాలినీ నదినీ కలిపి మూడోసారి నడిపినప్పుడు వచ్చే ఫలితానికీ, మీ కూడికకూ మధ్య కనిపించే తేడాయే అన్నిటికన్నా ముఖ్యమైనది.

1905లో స్వీడన్ సముద్ర శాస్త్రవేత్త ఎక్‌మాన్ చూపినట్టు, స్థిరంగా వీచే గాలి పై పొరలో కదిలించే మొత్తం నీరు గాలి ప్రతిబలం (నీటి ఉపరితలపు ప్రతి చదరపు మీటరు మీదా గాలి రాపిడి చూపే బలం) మీదా, కొరియాలిస్ గుణకం (భూభ్రమణ ప్రభావాన్ని తెలిపే, అక్షాంశంతో మారే సంఖ్య) మీదా ఆధారపడుతుంది. పొర మందంతో దానికి సంబంధం లేదు. మధ్య అక్షాంశాలలో తీరం వెంబడి వీచే గాలి ప్రతిబలం 0.1 పాస్కల్ అయితే, తీరం పొడవులో ప్రతి మీటరుకూ సెకనుకు దాదాపు 1 ఘనపు మీటరు నీరు తీరానికి అడ్డంగా కదులుతుంది. ఆ నీరు 20 మీటర్ల మందంలో సర్దుకుంటే వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు. పైన 5 మీటర్ల మంచినీటి పొర పరుచుకుని, దాని అడుగునున్న సాంద్రత తేడా కింది నీటితో కలవనివ్వకపోతే, అదే గాలికి వేగం 20 సెంటీమీటర్లవుతుంది. పై నీటిని సముద్రం వైపు నెట్టే గాలికి ఈ పొర ఇంకా పలచబడి దూరంగా వ్యాపిస్తుంది. తీరం వైపు నెట్టే గాలికి అది ఒడ్డుకు ఒత్తుకుని ఇరుకుగా, లోతుగా మారుతుంది, తీరం వెంబడి ప్రవాహం వేగం పుంజుకుంటుంది. గాలి నీటి పొరను మారుస్తోంది, మారిన పొర గాలి ఫలితాన్ని మారుస్తోంది. ఇక్కడ కూడికకు చోటు లేదు.

రెంటిలో ఏది పైచేయి అన్న తొలి అంచనాకు విట్నీ, గార్విన్ అనే పరిశోధకులు 2005లో ప్రతిపాదించిన నిష్పత్తి నాకు బాగా నచ్చింది. గాలి వల్ల తీరం వెంబడి కలిగే వేగాన్ని గాలి వేగంలో సుమారు 2.65 శాతంగా తీసుకుని, నదీజలాల ఉత్ప్లవన బలం (ఉప్పునీటికన్నా తేలికైన మంచినీటిని పైకి తేల్చే బలం) కలిగించే వేగంతో భాగిస్తారు. విలువ ఒకటికి దగ్గరగా ఉన్నచోట కూడిక అసలే నమ్మదగింది కాదు.

మీ గ్రిడ్ (మోడల్ సముద్రాన్ని విభజించే గడుల అల్లిక) నిలువు పొరలు సముద్రపు అడుగును అనుసరించేవైతే, ముందుగా గాలీ నదీ రెండూ లేకుండా, అసలు అడుగు ఆకృతి మీద, లోతుతో మాత్రమే మారే సాంద్రతతో, నిశ్చల స్థితి నుంచి నడపండి. అప్పుడు పుట్టే ప్రతి ప్రవాహమూ వాలు మీద పీడన ప్రవణతను (దూరంతో పాటు పీడనం మారే రేటును) లెక్కించడంలో వచ్చే దోషమే. అది మీరు వెతుకుతున్న ప్రవాహంతో పోల్చదగినంత ఉంటే, అడుగు ఆకృతిని నునుపు చేయనిదే ముందుకు వెళ్లవద్దు.

ఇక క్రమం విషయం. తీరం దగ్గరి తక్కువ లోతు నీరు గాలికి ఒకటి రెండు రోజుల్లోనే సర్దుకుంటుంది, సాంద్రత క్షేత్రం (నీటి సాంద్రత చోటుచోటుకూ మారే తీరు) ఏర్పడడానికి వారాలు పడుతుంది. అందుకే నదీజలాలతో ముందు నడిపి, మంచినీటి పొర మీరు పరిశీలిస్తున్న తీర భాగమంతటా పరుచుకున్న తరువాతే, ఆ స్థితి నుంచి గాలిని ప్రవేశపెట్టండి.