సందేహాలు – సమాధానాలు: ఒకే గుడి, ఇద్దరు దేవుళ్ళు

ప్రశ్న: ఈజిప్టులోని కోమ్ ఓంబో గుడి ఇద్దరు దేవుళ్ళదట. మన ర్యాలిలో ఒకే శిలకు ముందు కేశవస్వామి, వెనక మోహిని ఉన్నట్టు ఉంటుందా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఉండదండీ. ర్యాలిలో శిలా ఒకటే, గర్భగుడీ ఒకటే. అక్కడ గర్భగుళ్ళే రెండు, పక్కపక్కన. అస్వాన్‌కు ఉత్తరంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, నైలు తూర్పు గట్టున ఉంది. గుడి ముఖం నది వైపు. లోపలికి వెళ్తుంటే కుడి సగం మొసలి తల సోబెక్‌ది, ఎడమ సగం డేగ తల హరోయెరిస్‌ది, అంటే పెద్ద హోరస్‌ది. సోబెక్‌కు భార్య హాథోర్, కొడుకు ఖోన్సు; హరోయెరిస్‌కు భార్య తసెనెత్‌నోఫ్రెత్, కొడుకు పనెబ్‌తావి. ఎవరి కుటుంబం వారిదే.

ఈ పంపకం తెలియాలంటే ముందరి ఆవరణలో, 16 స్తంభాల మొదళ్ళ నడుమ నిలబడి చూడాలి. ఎదురుగా రెండు ద్వారాలు. ఏ ద్వారంలోంచి చూసినా ద్వారం వెనక ద్వారం కనబడుతూ చూపు సూటిగా ఆ దేవుడి గర్భగుడి దాకా పోతుంది. మండపాలకు మాత్రం నడుమ గోడ లేదు. కప్పూ స్తంభాలూ ఉమ్మడే. విడిపోయినవి దారులూ గర్భగుళ్ళూ.

గర్భగుళ్ళలో ఇప్పుడు మొండిగోడలు, రెండు నల్లరాతి పీఠాలు మిగిలాయి. రెంటికీ నడుమ గోడలో మనిషి దూరేంత సందుంది. పూజారులు అందులో దాక్కుని దేవుడి గొంతుతో పలికేవారని గైడ్లు చెబుతారు. కథ బాగుంది గానీ అది ఊహే.

ఇప్పుడున్న గుడి ఈజిప్టును ఏలిన గ్రీకు వంశపు రాజు ఆరవ టాలెమీ (క్రీ.పూ. 180–145) నాడు మొదలైంది. రోమన్ చక్రవర్తుల దాకా చేర్పులు సాగాయి.

ప్రశ్న: అక్కడి బావితో నది మట్టం కొలిచేవారట. ధవళేశ్వరంలోలాగే వరద హెచ్చరికకేనా?
– ఒక రైతు, అమలాపురం

జవాబు: ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి, 13.75కి రెండో, 17.75కి మూడో ప్రమాద హెచ్చరిక. అది లంకల్లోవాళ్ళను కదిలించడానికి. అక్కడి బావిని నైలోమీటర్ అంటారు, దాని లెక్క శిస్తుకు కూడా పనికొచ్చేది. గుండ్రటి రాతిబావి, లోపల మెట్లు చుట్టు తిరుగుతూ దిగుతాయి. నైలు పెరిగితే బావిలో నీరూ పెరుగుతుంది. గట్టు మీద కొలిస్తే అలలకు లెక్క తప్పుతుంది, బావిలో నీరు నిలకడగా ఉంటుంది. నీరు చాలకపోతే పొలాలు తడవవు, మితిమీరితే గట్లు తెగుతాయి. ఆ మట్టాన్ని బట్టే పంట అంచనా, దాన్ని బట్టే శిస్తు. 1970లో అస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక ఆ వరదే ఆగిపోయింది.

ప్రశ్న: గుడి ముందుభాగం ఏమైంది?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: గాలిగోపురంలో కొంత, పక్కనున్న జన్మమందిరంలో (దేవుడి పుట్టుక పండుగ జరిపే చిన్న గుడి) కొంత నైలు కోతకు పోయాయి. లంకభూములు జారిపోవడం చూసినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కొంత రాయిని వేరే కట్టడాలకు పట్టుకుపోయారు. 1893లో ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు జాక్ డి మోర్గాన్ మట్టీ ఇసుకా తీయించాడు.

ఇప్పటి బెడద ఊటనీరు. చుట్టూ చెరకు తోటలు, ఏడాది పొడవునా తడి. ఇసుకరాయి ఆ చెమ్మను పైకి పీలుస్తుంది. ఎండకు నీరు ఆవిరైతే ఉప్పు పైపొర కింద గడ్డకడుతుంది. పొర ఉబ్బి, చెక్కిన బొమ్మతో సహా పెచ్చుగా ఊడుతుంది. పైన సిమెంటు మెత్తితే చెమ్మకు దారి మూసుకుపోయి ఇంకా పైకెక్కుతుంది. అందుకే అడుగున నీటిమట్టాన్ని దించే పని పెట్టుకున్నారు. ఆ తవ్వకాల్లోనే 2018లో ఇసుకరాతి స్ఫింక్స్ (సింహం ఒళ్ళు, మనిషి తల ఉన్న బొమ్మ) ఒకటి దొరికింది.

ప్రశ్న: మొసళ్ళను నిజంగానే పూజించేవారా?
– ఒక విద్యార్థి, పాలకొల్లు

జవాబు: ఆఁ. చచ్చాక మమ్మీలుగా చుట్టి పూడ్చేవారు. గుడి పక్కన 2012లో తెరిచిన మ్యూజియంలో వాటిని చూడొచ్చు.