టెక్ సందేహాలు: లినక్స్ పోలేదు, వరసలో వెనక్కి వెళ్లింది

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటు లినక్స్ రెండూ ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆన్ చేయగానే ఏది కావాలో అడిగే మెనూ వచ్చేది. మొన్న విండోస్ అప్‌డేట్ అయ్యాక అది రావడం లేదు, నేరుగా విండోసే తెరుచుకుంటోంది. ఫైనలియర్ ప్రాజెక్టు మొత్తం ఉబుంటులో ఉంది. షాపులో అడిగితే ఫార్మాట్ చేసి మళ్లీ వేయాలన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఇంజినీరింగ్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: దయచేసి ఫార్మాట్‌కు ఇవ్వకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఉబుంటు, మీ ప్రాజెక్టు ఉన్నచోటే ఉండాలి. మారింది బూట్ వరస, అంటే ఆన్ చేయగానే ముందు ఏ సిస్టమ్‌ను తెరవాలన్న క్రమం ఒక్కటే.

షాపువాళ్ల సలహా, కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే ప్రోగ్రామ్ పాత బయోస్‌గా ఉన్న రోజుల నాటిది. అప్పట్లో బూట్ లోడర్ (సిస్టమ్‌ను తెరిచే చిన్న ప్రోగ్రామ్) మొదలయ్యేది డిస్కు మొదటి 512 బైట్లలో. అక్కడ ఒక్కదానికే చోటు. విండోస్ వేస్తే గ్రబ్, అంటే ఏ సిస్టమ్ కావాలో అడిగే లినక్స్ బూట్ లోడర్, చెరిగిపోయేది. బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చిన ఇప్పటి కంప్యూటర్లలో ఇందుకోసం ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక చిన్న పార్టిషన్ (డిస్కులో విడిగా కేటాయించిన భాగం) ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ వేరు, ఉబుంటు ఫోల్డర్ వేరు. ముందు దేన్ని పిలవాలో చెప్పే జాబితా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. పెద్ద అప్‌డేట్ల తర్వాత విండోస్ పేరు ఆ జాబితాలో పైకి చేరడం మామూలే.

వరస మార్చే ముందు ఒక జాగ్రత్త. విండోస్‌లో డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి తీసి కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారితే విండోస్ ఆ కీ అడగవచ్చు. అది దొరక్క విండోస్ వైపు ఫైళ్లన్నీ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఈ పని వాయిదా వేయొద్దని మరీ మరీ చెబుతున్నాను.

ఇక ఉబుంటు ఉందో లేదో చూద్దాం. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనొవొలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. కీ పట్టు దొరక్కపోతే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ మీదుగా రీస్టార్ట్ చేయండి. నీలం తెర వచ్చాక 'యూజ్ ఎ డివైజ్' ఎంచుకుంటే ఉబుంటు పేరు కనిపించాలి. దాన్ని నొక్కి లోపలికి వెళ్లగానే మొదట ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

తర్వాత వరస సరిచేయండి. ల్యాప్‌టాప్ సెటప్‌లోకి వెళ్లి బూట్ ట్యాబ్‌లో ఉబుంటును పైకి జరిపి సేవ్ చేస్తే చాలు. హెచ్‌పీలో ఉబుంటు పేరు పైకి కనిపించకపోతే 'ఓఎస్ బూట్ మేనేజర్' అన్న లైను మీద ఎంటర్ కొట్టి చూడండి. కొన్ని ఏసర్ మోడళ్లలో అయితే ముందు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టుకుని, ఉబుంటు బూట్ ఫైలును నమ్మదగినదిగా గుర్తించమని చెప్పాలి.

ఇదే పని ఉబుంటు టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ)లోనూ చేయవచ్చు. ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్ ఇస్తే ఒక్కో సిస్టమ్‌కూ ఉన్న నాలుగంకెల నంబరు కనిపిస్తుంది. అదే కమాండ్‌కు ముందు సుడో (అడ్మిన్ అనుమతితో నడపమని చెప్పే మాట), తర్వాత హైఫన్, చిన్న ఓ అక్షరం జోడించి, ఉబుంటు నంబరు ముందు వచ్చేలా నంబర్లన్నీ కామాలతో రాయండి. ఓ బదులు చిన్న ఎన్ పెట్టి ఒకే నంబరు ఇస్తే వచ్చేసారికి మాత్రమే అది తెరుచుకుంటుంది. ఆ తర్వాత పాత వరసే ఉంటుంది.

ఒకవేళ ఉబుంటును ఎంచుకున్నప్పుడు 'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అని వచ్చి ల్యాప్‌టాప్ ఆగిపోతే అది వరస సమస్య కాదు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామందికి ఇలాగే అయింది. పాత లినక్స్ బూట్ ఫైళ్లను అది అడ్డుకుంది. రికవరీ కీ దగ్గర పెట్టుకుని, సెటప్‌లో సెక్యూర్ బూట్‌ను (నమ్మదగిన బూట్ ఫైళ్లనే తెరవనిచ్చే రక్షణను) తాత్కాలికంగా ఆఫ్ చేసి, ఉబుంటులోకి వెళ్లి అప్‌డేట్లన్నీ వేసుకుని, మళ్లీ ఆన్ చేయండి.

ప్రశ్న: మా ఇంట్లో ఒకే కంప్యూటర్. నాన్నగారు విండోస్ మాత్రమే వాడతారు. కానీ పట్టించుకోకపోతే మెనూలో ఉబుంటే తెరుచుకుంటోంది.
- డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: మీరు మార్చాల్సింది గ్రబ్ లోపలి వరస, మదర్‌బోర్డు జాబితా జోలికి వెళ్లక్కర్లేదు. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ ఫోల్డర్, అందులో గ్రబ్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని సుడోతో తెరిచి, గ్రబ్ డిఫాల్ట్ అన్న లైనులో సున్నా బదులు మెనూలో విండోస్ పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా కోట్స్‌లో రాయండి. నంబరు కూడా ఇవ్వొచ్చు గానీ మెనూలో ఇంకో లైను చేరితే లెక్క తప్పుతుంది. చివరగా సుడో అప్‌డేట్-గ్రబ్ కమాండ్ తప్పక ఇవ్వండి. ఇవ్వకపోతే చేసిన మార్పు అమలు కాదు. అలా ఇచ్చాక మెనూలో విండోసే కనిపించకపోతే కంగారుపడకండి. గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌ల కోసం వెతికే ఓఎస్-ప్రోబర్ అనే ప్రోగ్రామ్‌ను భద్రత కోసం ఆపి ఉంచుతున్నారు. అదే ఫైలులో గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ విలువను ఫాల్స్‌గా మార్చి కమాండ్ మళ్లీ ఇవ్వండి.

బిట్‌లాకర్ ఉన్న కంప్యూటరైతే మాత్రం గ్రబ్ ద్వారా విండోస్ తెరిచినప్పుడు రికవరీ కీ అడగవచ్చు. అలాంటప్పుడు నాన్నగారి కోసం మదర్‌బోర్డు జాబితాలో విండోస్‌నే మొదట ఉంచి, మీరు బూట్ మెనూ కీతో ఉబుంటులోకి వెళ్లడమే సుఖం.

ప్రశ్న: ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనకబడుతోంది. బ్యాటరీ పోయిందా?
- ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: బ్యాటరీ బాగానే ఉంది. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. మనకూ యూటీసీకీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ రాసి, ఖాళీ వదిలి, సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇవ్వండి. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ఇలా చేయకండి. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు కాబట్టి రెండు సిస్టమ్‌లూ విడివిడిగా గంట జరిపేస్తాయి. వాళ్లు రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ద్వారా విండోస్‌నే యూటీసీకి మార్చుకోవాలి.