మొహింగా నీచు వాసన, పల్చటి పులుసు: ఇలా చేసి చూడు

తమ్ముడూ, మీ మామ్మ రంగూన్‌లో నేర్చుకున్న మొహింగాని (బియ్యం సేమియా మీద పోసే బర్మా చేపల పులుసు) శ్రీకాకుళంలో ఆదివారం బండి మీద అమ్ముదామంటే పులుసు నీళ్లలా ఉంటోంది, నీచు పోవట్లేదు అన్నావు కదా. చేపని నేరుగా పులుసులో వేస్తున్నావని నా అనుమానం.

జెల్ల చేపని పసుపు, దంచిన నిమ్మగడ్డి వేసి విడిగా ఉడికించి, ముళ్లు ఏరేసి, ఆ గుజ్జుని ఉల్లి, అల్లం, వెల్లుల్లి ముద్దతో నూనె పైకి తేలేదాకా వేయించు, ఉడికిన నీళ్లు మాత్రం వడకట్టి పులుసుకి వాడు. ఇక్కడ తొందరపడితే నీచు పోదు. చిక్కదనానికి వట్టి శనగపిండి చాలదు. బియ్యం దోరగా వేయించి పొడి కొట్టి, రెండూ చల్లనీళ్లలో జారుగా కలిపి పులుసులో పొయ్యి. పులుసులో వేసే అరటి దవ్వ చక్రాలుగా కోస్తున్నప్పుడు పీచు వేలికి చుట్టి లాగేసి, ముక్కల్ని మజ్జిగలో వెయ్యి, నల్లబడవు.

1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక మా మామ్మ వాళ్లూ అన్నీ వదిలేసి వచ్చారు. ఇక్కడ బర్మా చేపల ముద్ద దొరక్క ఎండురొయ్యల పొడి వేసేది, నువ్వూ అదే వెయ్యి. పక్కింటావిడ మొదట ముక్కు మూసుకుందట, నెల తిరక్కుండా గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిందట!

బోర్డు మీద 'రంగూన్ చేపల పులుసు సేమియా' అని రాయి, మొహింగా అంటే ఎవరూ ఆగరు. మొదటి వారం ఇరవై ప్లేట్లకి మించి చెయ్యకు.