కంప్యూటర్ కబుర్లు: ఫ్యాన్ మోత తగ్గాలంటే

ప్రశ్న: ఐదేళ్ల కిందట అసెంబుల్ చేయించిన కంప్యూటర్. ఆన్ చేసిన పది నిమిషాలకే రయ్‌మని మోత లేస్తుంది, తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. షాపులో క్యాబినెట్ మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అక్కర్లేదండీ. మోత ఏ ఫ్యాన్‌దో తేలకుండా ఏదీ కొనకండి. పక్క రేకు తీసి, కంప్యూటర్ నడుస్తుండగానే ఒక్కో ఫ్యాన్ మధ్యలో ఉండే స్టిక్కర్ మీద వేలితో మెల్లగా నొక్కి రెండు సెకన్లు ఆపండి. రెక్కల్లో వేలు పెట్టకండి. ఏది ఆగితే మోత ఆగిందో అదే దొంగ. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ప్లగ్ పీకేసినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

మోత లేస్తూ తగ్గుతూ ఉందంటే మాత్రం చాలావరకు అది ప్రాసెసర్ ఫ్యానే. వేడి పెరిగినప్పుడల్లా మదర్‌బోర్డు దాన్ని పరిగెత్తిస్తుంది. కాబట్టి ముందు వేడి సంగతి చూడాలి.

ప్లగ్ తీసి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టండి. పైన కనిపించే దుమ్ము తుడిస్తే సరిపోదు. ఫ్యాన్‌ను హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) నుంచి విడదీస్తే అసలు సరుకు కనిపిస్తుంది: అల్యూమినియం రేకుల నెత్తిన దుప్పటి ముక్కలా పేరుకున్న బూడిదరంగు పొర. గాలి అక్కడే ఆగిపోతోంది. మన విశాఖ దుమ్ములో ఉప్పు తేమ కలిసి ఉంటుంది కాబట్టి బ్లోయర్ ఒక్కదానితో పూర్తిగా వదలదు. అంగుళం పెయింట్ బ్రష్‌తో గీకి, తర్వాత బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా పట్టుకోండి. గాలికి అవి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగు పాడవుతుంది.

ఐదేళ్లయింది కాబట్టి ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ కూడా ఎండిపోయే ఉంటుంది. విప్పేముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపితే పాత పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత ఆపి, ప్లగ్ తీసి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ తిప్పుతూ తీయండి. ఏఎండీ ప్రాసెసర్లు పట్టే ఏఎమ్4 రకం బోర్డుల్లో నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పెసరగింజ కంటే పెద్దగా, బఠాణీ కంటే చిన్నగా ప్రాసెసర్ మధ్యలో పెట్టండి. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ (ఫ్యాన్, హీట్‌సింక్ కలిసినది) అయితే నాలుగు పిన్నులూ ఎదురెదురు మూలల వరుసలో టక్కుమనేదాకా నొక్కాలి. ఒక్కటి సరిగ్గా దిగకపోయినా వేడి 90 డిగ్రీలు దాటొచ్చు, మోత మళ్లీ మొదలు. బోర్డు వెనక నాలుగూ బయటికొచ్చాయో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఇక బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి లోపలికెళ్తే ఆసస్‌లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అని ఉంటుంది. 50 డిగ్రీల దగ్గర ఫ్యాన్ వేగం 30 శాతం, 65కి 45, 75కి 70, 85కి 100 పెట్టి చూడండి. వేగం పెరగడానికి ముందు కొన్ని సెకన్లు ఆగే సెట్టింగ్ ఉంటే అదీ పెట్టండి, ఈ లేచి పడే గోల పోతుంది. పని మీద ఉన్నప్పుడు 75, 80 చూసి కంగారుపడక్కర్లేదు. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 దగ్గర వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి. కాకపోతే గదిలో వేడి ఎంత పెరిగితే లోపలా దాదాపు అంతే పెరుగుతుంది కాబట్టి, సంక్రాంతికి సరిపోయిన అంకెలు మే నెలలో సరిపోవు. ఎండల్లోనే సరిచూసుకోండి.

మూడు పిన్నుల ఫ్యాన్ అయితే సెట్టింగ్‌లో పీడబ్ల్యూఎం తీసి డీసీ పెట్టాలి. లేకపోతే అది ఎప్పుడూ ఫుల్ స్పీడే. వేగం 20 శాతం తగ్గిస్తే మోత సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది, వేడి మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. పైసా ఖర్చు లేని బేరం ఇదే.

ప్రశ్న: మాది బీచ్‌రోడ్డు పక్క ఫ్లాట్. క్యాబినెట్ పైభాగంలో కొత్త ఫ్యాన్ వేయించిన కొన్నాళ్లకే గరగరమంటోంది.
– ఒక పాఠకుడు, చినవాల్తేరు

జవాబు: తక్కువ ధర ఫ్యాన్లలో ఉండేది స్లీవ్ బేరింగు. పడుకోబెట్టి బిగిస్తే అది త్వరగా అరుగుతుంది, మీ ఫ్యాన్ పైకప్పులో ఉన్నది అలాగే. అక్కడికి బాల్ బేరింగు గానీ, ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు గానీ ఉన్నది అడిగి తీసుకోండి. క్యాబినెట్‌లో చోటుంటే 80 మి.మీ. బదులు 120 మి.మీ. వేయండి, నెమ్మదిగా తిరిగినా అంతే గాలి లాగుతుంది. మరలకు బదులు రబ్బరు పిన్నులతో బిగిస్తే రేకు అదరదు.

స్టిక్కర్ ఊడదీసి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేస్తే గరగర కొన్నాళ్లు ఆగుతుంది. రెండు చుక్కలు వేస్తే నూనె కారి స్టిక్కర్ మళ్లీ అతుక్కోదు. ఎలాగూ ఇది కొత్త ఫ్యాన్ వచ్చేదాకానే.

కంప్యూటర్ సముద్రం వైపు కిటికీ కింద ఉంటే ముందు అక్కడినుంచి జరపండి. వానాకాలంలో రోజూ కాసేపు నడపండి, లోపలి వేడికి తేమ ఆరుతుంది.

ప్రశ్న: ఫ్యాన్లన్నీ నిశ్శబ్దమే. రాత్రిపూట బల్ల మాత్రం గూయ్‌మంటుంది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: హార్డ్ డిస్క్. 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 120 చుట్లు, ఆ అదురు క్యాబినెట్ నుంచి బల్లకెక్కి పెద్దదవుతోంది. క్యాబినెట్ అడుగున మడతపెట్టిన తువ్వాలు వేసి చూడండి, అయితే కింద ఎస్‌ఎంపీఎస్ గాలి రంధ్రాలుంటే మూసుకుపోకూడదు. మోత తగ్గితే కారణం రూఢి అయినట్టే. విండోస్‌ను ఎస్‌ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని డిస్క్) మార్చి, పాత డిస్క్‌ను ఫొటోలకు ఉంచి, 10 నిమిషాలు పని లేకపోతే ఆగిపోయేలా పవర్ సెట్టింగుల్లో పెట్టండి. మరల దగ్గర రబ్బరు వాషర్లు వేయండి. డిస్క్‌ను స్పాంజిలో చుట్టడం మాత్రం వద్దు, వేడెక్కి చస్తుంది.

ప్రశ్న: గేమ్ మెనూలో ఉన్నప్పుడు మాత్రం గ్రాఫిక్స్ కార్డు సన్నగా కీచుమంటోంది. పాడైనట్టా?
– ఒక బీటెక్ విద్యార్థి, మధురవాడ

జవాబు: కాదు. కార్డు మీది కాయిల్స్ అదురుతున్నాయి. మెనూలో బొమ్మ తేలిక కాబట్టి కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీసేస్తోంది. గేమ్ సెట్టింగుల్లో వీ-సింక్ (ఫ్రేముల వేగాన్ని మానిటర్ వేగానికి కట్టడి చేసేది) ఆన్ చేయండి, లేదా మీ మానిటర్ 60 హెర్ట్జ్ అయితే ఫ్రేమ్ పరిమితి 60 పెట్టండి. కాయిల్ మీద ఫెవిక్విక్ పోయడం లాంటి చిట్కాలు చేస్తే మోత ఆగే సంగతేమోగానీ వారంటీ మాత్రం పోతుంది.

ప్రశ్న: క్యాబినెట్‌ను చెక్క షెల్ఫులో పెట్టి తలుపు మూసేస్తే?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: బయటికి పంపిన వేడిగాలినే ఫ్యాన్లు మళ్లీ లోపలికి లాగుతాయి, వేగం పెరిగి మోత ఇంకా ఎక్కువవుతుంది. వెనక చెక్క పూర్తిగా తీసేయించి, గోడకు జానెడు ఎడం ఉంచగలిగితే పెట్టండి.