అలుగు లేని చెరువు: వాల్డెన్‌కి వెళ్ళే కొత్తవాళ్ళకి

ప్రశ్న: మేం ఈ జనవరిలో బోస్టన్ పక్కకి వచ్చాం. జూన్‌లో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. ఆఫీసులో అందరూ వాల్డెన్ పాండ్‌కి వెళ్ళమంటున్నారు. అక్కడ అంత ఏముంది? మావారు ఊళ్ళో బావిలో ఈత నేర్చుకున్నారు, ఇక్కడ దిగొచ్చా? మోకాళ్ళ నొప్పులతో అమ్మ నడవగలదా? ఆవిడ ఏ నీటి దగ్గరికి వెళ్ళినా పసుపు కుంకుమ, పూలు వెయ్యకుండా రాదు. పరవాలేదా?

జవాబు: తప్పకుండా వెళ్ళండి చెల్లెమ్మా. కాకపోతే ఒకసారి వెళ్ళి, నాలుగు ఫొటోలు దిగి, చూసేశాం అనుకుని వచ్చేసే చోటు కాదది. నయాగరా ముందు నిలబడ్డట్టు నోరు తెరుచుకుని చూడడానికి అక్కడేమీ లేదు. చుట్టూ అడవి, మధ్యలో 61 ఎకరాల నీళ్ళు, ఒడ్డు వెంబడి 1.7 మైళ్ళ కాలిబాట, అంతే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పొద్దున్నే వచ్చి ఈదుకుని ఆఫీసులకి పోతారు. ముసలివాళ్ళు మెల్లగా ఒక చుట్టు తిరిగి వెళ్తారు. మీరూ ఆ దగ్గర్లోనే కాపురం పెట్టారు కాబట్టి ఆ చెరువుని వాళ్ళలాగే వాడుకోవాలని నా కోరిక. వాడుకోవాలంటే ముందు దాని తీరు తెలియాలి.

మన చెరువుకి కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, నిండితే అలుగు పారుతుంది. వాల్డెన్‌కి ఇవేవీ లేవు. ఎవరూ తవ్వింది కాదు. పది పన్నెండు వేల ఏళ్ళ కిందట ఈ నేలని కప్పిన హిమానీనదం వెనక్కి తగ్గుతూ, ఒక పెద్ద మంచుదిమ్మని ఇసుకలో, గులకరాళ్ళలో పూడ్చి పోయింది. అది కరిగాక మిగిలిన గుంట ఇది. ఒక్క వాగూ ఇందులోకి రాదు, ఒక్క కాలవా ఇందులోంచి పోదు. వానా, భూగర్భజలం దాని రాబడి. ఎండకి ఆవిరైపోయేదీ, ఇసుకలోంచి మెల్లగా ఇంకిపోయేదీ దాని ఖర్చు. ఇసుకలో వడకట్టుకుని వచ్చే నీరు కాబట్టి అంత తేటగా ఉంటుంది. అదే కారణంగా, అందులో పడ్డది అలుగు మీదుగా కొట్టుకుపోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది. నేను చెప్పబోయే జాగ్రత్తల్లో సగం ఇందులోంచే వస్తాయి.

ఇక ఆ చెరువుకి పేరు తెచ్చిన మనిషి హెన్రీ డేవిడ్ థోరో. పక్కనున్న కాంకర్డ్ ఊరివాడే. ఇంట్లో పెన్సిళ్ళ తయారీ, తను చేసింది భూములు కొలిచే పని. 1845 జులై 4న, స్నేహితుడు, రచయిత ఎమర్సన్‌కి ఆ ఒడ్డున ఉన్న స్థలంలో 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న ఒంటిగది ఇల్లు తన చేతులతో కట్టుకుని దిగాడు. రైలుమార్గం పనికొచ్చిన ఒక ఐరిష్ కూలీ గుడిసెని 4 డాలర్ల 25 సెంట్లకి కొని, ఆ చెక్కలే వాడాడు. ఇల్లు మొత్తానికి అయిన ఖర్చు 28 డాలర్ల 12న్నర సెంట్లని పైసాతో సహా లెక్క రాశాడు. రెండేళ్ళకి పైగా అక్కడ ఉండి, 1847 సెప్టెంబరులో తిరిగి ఊళ్ళోకి వచ్చేశాడు. ఆ బతుకు గురించి రాసిన 'వాల్డెన్' 1854లో వచ్చింది. వెళ్ళేముందు పుస్తకం పూర్తిగా చదవాలని లేదు. చెరువు గురించి రాసిన అధ్యాయాలు రెండు చదివి వెళ్ళినా, ఒడ్డున నిలబడ్డప్పుడు మీకే తేడా తెలుస్తుంది.

మీ నాన్నగారికి చెప్పవలసిన కథ ఇంకొకటి ఉంది. 1846 జులైలో, ఆ ఇంట్లో ఉంటున్న రోజుల్లోనే, బాగుకిచ్చిన చెప్పులు తెచ్చుకుందామని ఊళ్ళోకి వెళ్ళిన థోరోని తలపన్ను కట్టలేదని పట్టుకుని జైల్లో పెట్టారు. బానిసత్వాన్ని నిలబెట్టే ప్రభుత్వానికి పన్ను కట్టనన్నది ఆయన పట్టుదల. ఎవరో కట్టేయడంతో మర్నాడు వదిలేశారు. ఆ ఒక్క రాత్రి మీద ఆయన రాసిన వ్యాసాన్ని గాంధీ దక్షిణాఫ్రికాలో చదివి, 1907లో తన 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో అందులోని భాగాలు వేశారు. తర్వాత మన గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టబోమన్నారు కదా, 1921, 22 నాటి సంగతి. ఆ సహాయనిరాకరణ వెనక ఉన్న ఆలోచనకి ఒక పాయ ఇక్కడిది. గుంటూరు మనిషి ఈ ఒడ్డున నిలబడితే పరాయిచోట ఉన్నట్టు ఉండదు.

ఇప్పుడు ఈత. దీని మీద కాస్త గట్టిగానే చెబుతాను. ప్రతి వేసవిలోనూ ఈ దేశంలో ఏదో ఒక చెరువులో, జలపాతంలో మన పిల్లలు మునిగిపోయారన్న వార్త వింటూనే ఉన్నాం. ఇంటికి పంపే ఏర్పాట్లకి చందాలు పోగుచేస్తూనే ఉన్నాం. వాళ్ళలో చాలామందికి ఈత వచ్చు అన్న ధీమా ఉంటుంది.

మీవారు బావిలో నేర్చుకున్నారన్నారు. బావిలో ఏ వైపు చెయ్యి చాపినా రెండు బారల్లో గోడో మెట్టో దొరుకుతుంది. వాల్డెన్ మధ్యలో పట్టుకోడానికి ఏమీ ఉండదు. బీచ్ దగ్గర ఇసుక మెల్లగా దిగుతుంది గానీ, మిగతా ఒడ్డు చాలాచోట్ల నాలుగడుగులు వేసేసరికి నడుంలోతు నుంచి మనిషిలోతు దాటిపోతుంది. నీళ్ళు తేటగా ఉండటం వల్ల అడుగు కనబడి లోతు తక్కువనిపిస్తుంది. అసలు ఈ చెరువుకి అడుగే లేదని థోరో కాలంలో ఊళ్ళో చెప్పుకునేవారు. ఆయన 1846లో గడ్డకట్టిన చెరువు మీద నడుస్తూ, మంచుకి కన్నాలు పెట్టి, తాడుకి రాయి కట్టి దించి, అత్యంత లోతు 102 అడుగులని తేల్చాడు. తర్వాతి కొలతలూ దాదాపు అంతే చూపించాయి.

చల్లదనం ఇంకో సంగతి. మే నెలలో గాలి వెచ్చబడి, చొక్కా విప్పి దూకాలనిపిస్తుంది. నీళ్ళలో మాత్రం ఇంకా చలికాలమే ఉంటుంది. ఒక్కసారిగా దూకితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి గబుక్కున లోపలికి లాగేస్తాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే గజ ఈతగాడైనా నీళ్ళు మింగుతాడు. జులైలో పైనీళ్ళు హాయిగా ఉన్నా, లోతుకి వెళ్తే చల్లటి పొర తగులుతుంది. కాబట్టి దూకకుండా మెల్లగా నడుంలోతు దాకా దిగి, ఊపిరి కుదుటపడ్డాక ఈదమనండి. మొదటి వేసవి అంతా పెద్ద బీచ్ దగ్గర, తాడుతో కట్టిన హద్దు లోపలే, లైఫ్‌గార్డులు ఉన్న వేళల్లోనే ఈదాలి. లైఫ్‌గార్డులు వేసవిలోనే ఉంటారు, అదీ పొద్దంతా ఉండరు.

ఆ హద్దు దాటి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేవాళ్ళు మీకు కనిపిస్తారు. వాళ్ళ నడుముకి తాడుతో కట్టిన రంగురంగుల బుడగ తేలుతూ వస్తుంది. 2021 వేసవిలో రాష్ట్రంలో వరసగా మునకలు జరిగాక అలా ఈదడాన్ని ఇక్కడ ఆపేశారు. జనం అభ్యంతరం చెప్పడంతో కొద్దిరోజుల్లోనే షరతులతో మళ్ళీ ఒప్పుకున్నారు. ఆ షరతులు మారుతుంటాయి కాబట్టి దిగేముందు అక్కడి బోర్డు చదవండి. స్థానికుణ్ణి చూసి వెంటపడి మీవారు వెళ్ళకూడదు. ముందు వైఎంసీయేలోనో ఊరి పూల్‌లోనో ఆగకుండా అరగంట ఈదగలనని తేల్చుకోవాలి. పిల్లలకి గాలి ఊదే బాతులూ ట్యూబులూ తీసుకెళ్ళకండి, వాటిని అనుమతించరు. కోస్ట్‌గార్డ్ ముద్ర ఉన్న లైఫ్‌జాకెట్ కొనండి. ఆడవాళ్ళు చుడీదార్‌తోనో చీరతోనో దిగితే తడిసిన నూలు బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది. ఒళ్ళంతా కప్పే పొడుగుచేతుల ఈతబట్టలు ఇక్కడ అన్ని షాపుల్లోనూ దొరుకుతాయి, సిగ్గుపడాల్సిన పని లేదు.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిన మాట ఒకటుంది. దిగేముందు అందరూ, ముఖ్యంగా పిల్లలు, మరుగుదొడ్డికి వెళ్ళి రావాలి. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు పరిశీలించి, వేసవిలో ఈ చెరువులో చేరే ఫాస్ఫరస్‌లో సగందాకా ఈతగాళ్ళ మూత్రం వల్లనేనని 2001లో రాశారు. ఫాస్ఫరస్ నాచుకి ఎరువు. అది పోవడానికి దారి లేదని ముందే చెప్పాను కదా.

మీ అమ్మగారి పసుపు కుంకుమల సంగతికీ ఇదే జవాబు. పూలు, కొబ్బరిచెక్క, దీపాల దొన్నెలు, చిల్లర, ఏదీ నీళ్ళలో వేయించకండి. వినాయక నిమజ్జనానికీ బతుకమ్మకీ మన సంఘాలు విడిగా ఏర్పాట్లు చేసుకుంటాయి, ఈ చెరువు వాటికి కాదు. అలాగని ఆవిడ మనసు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. దోసిట్లోకి ఆ నీళ్ళే తీసుకుని సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చి, కళ్ళకద్దుకుని రమ్మనండి. ఆవిడకి ఈ మాట కూడా చెప్పండి: థోరో ఈ ఒడ్డున పొద్దున్నే భగవద్గీత చదివేవాడు, 1785లో చార్లెస్ విల్కిన్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం. వాల్డెన్ నీళ్ళు గంగానది నీళ్ళతో కలుస్తున్నాయని పుస్తకంలో రాశాడు. ఆ మాట వెనక ఒక వ్యాపారం ఉంది. 1846, 47 చలికాలంలో ఈ చెరువు మంచుని కోసి దిమ్మలుగా పేర్చారు. బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అప్పటికే 1833 నుంచి కలకత్తాకి మంచు ఓడల మీద పంపుతున్నాడు. మద్రాసులో ఆయన మంచు దాచిన భవనమే మెరీనా ఒడ్డున ఉన్న ఐస్‌హౌస్, 1897లో వివేకానందుడు బస చేసిన ఇల్లు. వాల్డెన్‌లో ఆ ఏడు కోసిన మంచు చాలామటుకు అక్కడే కరిగి తిరిగి చెరువులోనే కలిసిందని కూడా థోరో రాశాడు.

నడక విషయానికొస్తే, మీ అమ్మగారికి మొత్తం చుట్టు వద్దు. బాట వెడల్పు తక్కువ, వేళ్ళూ రాళ్ళూ తగులుతాయి, అక్కడక్కడ మెట్లున్నాయి. బీచ్ దగ్గర నీళ్ళవైపు తిరిగి నిలబడితే కుడివైపు వెళ్ళే బాటలో సుమారు అర మైలు నడిస్తే థోరో ఇంటి చోటు వస్తుంది. ఇల్లు ఎప్పుడో పోయింది. 1945లో రోలండ్ రాబిన్స్ అనే ఆయన తవ్వి పునాది కనిపెట్టాక, చుట్టూ రాతి స్తంభాలు పాతారు. పక్కనే పెద్ద రాళ్ళకుప్ప ఉంటుంది. 1872 నుంచి వచ్చినవాళ్ళు ఒక్కొక్క రాయి పెడుతూ వచ్చింది అది. మీ అమ్మగారు ఏదైనా సమర్పించే తీరాలంటే, ఇంటి దగ్గర్నుంచి చిన్న రాయి తీసుకెళ్ళి అక్కడ పెట్టమనండి. అంత కూడా నడవలేకపోతే, పార్కింగు పక్కనే ఇంటి నమూనా కట్టి ఉంది. లోపల మంచం, బల్ల, మూడు కుర్చీలు చూసి ఆవిడ "ఇంతేనా సంసారం" అంటారు.

బాట ఒడ్డున తీగ కట్టి ఉంటుంది, దాన్ని దాటకండి. అడ్డదారులు తొక్కితొక్కి ఒడ్డు ఇసుక జారిపోయింది కాబట్టే కట్టారు. పడమటి కొసన రైలుపట్టా ఉంది, 1844 నుంచి నడుస్తున్న లైను. పట్టాల మీద నడవడం నేరం, ప్రమాదం కూడా. ఈ అడవిలో థోరో కన్నా ముందు బానిసత్వం నుంచి బయటపడ్డ బ్రిస్టర్ ఫ్రీమన్, జిల్ఫా వైట్ లాంటివాళ్ళు బతికారు. ఊరివాళ్ళు వద్దనుకున్న బీడునేలే వాళ్ళకి మిగిలింది. వాళ్ళ గురించి కూడా థోరో ఒక అధ్యాయంలో రాశాడు.

బండి సంగతి. మసాచుసెట్స్ నంబరు ప్లేటుంటే పార్కింగు 8 డాలర్లు, బయటి రాష్ట్రం ప్లేటుకి 30. పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌లోని నాషువా నుంచి వచ్చే మనవాళ్ళూ, అద్దెకారులో వచ్చేవాళ్ళూ ఇది చూసుకోండి. ధరలు మారొచ్చు, బయల్దేరేముందు ఒకసారి సరిచూడండి. వేసవి శనాదివారాల్లో పార్కింగు నిండగానే గేటు మూసేస్తారు. రోడ్డు పక్కన ఆపితే బండి లాక్కుపోతారు. అందుకే మామూలు రోజున పొద్దున్నే వెళ్ళండి. కారు లేకపోతే ఫిచ్‌బర్గ్ లైను రైల్లో కాంకర్డ్ స్టేషన్‌లో దిగి, మైలున్నర నడవాలి. పులిహోర, పెరుగన్నం తీసుకెళ్ళొచ్చు గానీ చెత్త అంతా మూటకట్టి వెనక్కి తెచ్చుకోండి. పొయ్యిలు, మద్యం, కుక్కలు నిషేధం.

ఇంటికొచ్చాక స్నానం చేస్తూ ఒళ్ళంతా చూసుకోవాలి. ఈ అడవుల్లో పిడుదులుంటాయి, మనవైపు గోమార్లంటారే, వీళ్ళు టిక్స్ అంటారు. గసగసంత ఉండేవి కూడా ఉంటాయి. మోకాలి వెనక, చంకలో, చెవి వెనక, జుట్టులో వెతకండి. కరుచుకుని ఉంటే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నూనె పోయడం, కాల్చడం లాంటివి చేయకండి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగని ముట్టుకుంటే దద్దుర్లు వస్తాయి, కాబట్టి పెద్దవాళ్ళకి సాక్సులు వేసి, బాట మధ్యలో నడిపించండి. తర్వాతి వారాల్లో ఎవరికైనా కరిచినచోట ఎర్రటి మచ్చ పెరుగుతూ పోయినా, జ్వరం వచ్చినా లైమ్ జబ్బు కావచ్చు. డాక్టర్‌కి ఆలస్యం చేయకుండా చూపించి, ఫలానా రోజు వాల్డెన్‌కి వెళ్ళామని చెప్పండి. మొదట్లోనే చూస్తే యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. అమ్మానాన్నల ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళు విమానం ఎక్కకముందే తీసుకోండి.